శాంటియాగో – బ్యూనస్ ఎయిర్స్: విమానం రెండు గంటలు ఎగిరితే టికెట్ మూడు గంటలు ఎందుకు చూపిస్తుంది?

క్లుప్తంగా

చిలీ రాజధాని శాంటియాగోకు, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌కు మధ్య గాల్లో సుమారు 1,140 కిలోమీటర్లు, రోడ్డు మీద దాదాపు 1,400 కిలోమీటర్లు. తూర్పుకు వెళ్లే విమానానికి రెండు గంటలు అటూఇటూగా పడుతుంది. పడమరకు తిరిగొచ్చే విమానానికి రెండుంపావు నుంచి రెండున్నర గంటలు కావాలి. ఆండీస్ మీదుగా పడమటి నుంచి వీచే గాలి ఈ తేడాకు ప్రధాన కారణం. అక్కడి చలికాలంలో రెండు దేశాల గడియారాలకూ గంట తేడా వస్తుంది కాబట్టి, అసలు లెక్క టికెట్ మీద తలకిందులుగా కనిపిస్తుంది.

ఈ రెండు నగరాల మధ్య దూరం ఎంత అని ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట 1,140 అని, ఇంకోచోట 1,400 అని వస్తుంది. ప్రయాణ సమయం దగ్గరికి వచ్చేసరికి గందరగోళం ఇంకా పెరుగుతుంది. జులై నెల టికెట్ల వేళలు సాధారణంగా ఇలా ఉంటాయి: ఉదయం 10 గంటలకు శాంటియాగోలో బయల్దేరితే బ్యూనస్ ఎయిర్స్ చేరేసరికి మధ్యాహ్నం 1 గంట. తిరుగు విమానం 2 గంటలకు బయల్దేరి 3.20కల్లా శాంటియాగోలో దిగిపోతుంది. పోవడానికి మూడు గంటలు, రావడానికి గంటా ఇరవై నిమిషాలు అన్నట్టు. జనవరి టికెట్లు చూస్తే అదే దారికి పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు.

ఈ అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్నలను విడదీసి చూడకపోవడం వల్లనే చిక్కు.

1,140 అనే అంకె ఎలా వస్తుంది

భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి గీతను గ్రేట్ సర్కిల్ అంటారు. దూరం చెప్పే వెబ్‌సైట్లన్నీ రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని ఆ గీత పొడవు లెక్కకడతాయి. శాంటియాగో సుమారు 33.4 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది, బ్యూనస్ ఎయిర్స్ 34.6 డిగ్రీల మీద. అంటే ఉత్తర దక్షిణాల్లో రెంటికీ పెద్ద తేడా లేదు. దాదాపు నేరుగా తూర్పు పడమరల దారి ఇది. తర్వాత చెప్పుకునే గాలి లెక్కకు ఈ సంగతే ఆధారం.

మనకు తెలిసిన దూరంతో పోల్చి చూస్తే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాల్లో సుమారు 1,260 కిలోమీటర్లు. అంటే శాంటియాగో, బ్యూనస్ ఎయిర్స్ అంతకంటే కాస్త దగ్గరే. అయితే హైదరాబాద్–ఢిల్లీ ఉత్తర దక్షిణాల దారి. పడమటి గాలి అక్కడ విమానానికి అడ్డంగా తగులుతుంది. అందుకే పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ సమయంలో పెద్ద తేడా కనిపించదు.

దూరంతోపాటు ప్రయాణ సమయాన్ని కూడా ఇదే వెబ్‌సైట్లు చెబుతుంటాయి. వాటి పద్ధతి చాలా సులువు. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుని దూరాన్ని భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతాయి. 1,140ని 800తో భాగిస్తే గంటా ఇరవై ఆరు నిమిషాలు. అరగంట కలిపితే గంటా యాభై ఆరు. మొదటి అంచనాగా ఇది చెడ్డదేమీ కాదు. కానీ ఇందులో గాలి లేదు, కొండ లేదు, గడియారం లేదు. ముఖ్యంగా, పోయినా వచ్చినా ఒకే సమయం అనే ఊహ ఇందులో దాగి ఉంది. ఈ దారిలో ఆ ఊహ నిలబడదు.

నేల మీద దారి

1,400 అనేది రోడ్డు లెక్క. శాంటియాగో నుంచి అర్జెంటీనా వైపు మొదటి పెద్ద ఊరు మెండోజా. అక్కడిదాకా రోడ్డు మీద 360 కిలోమీటర్ల పైచిలుకు. మెండోజా నుంచి బ్యూనస్ ఎయిర్స్‌కు ఏడో నంబరు జాతీయ రహదారి మీద మరో 1,050 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఈ రెండో ముక్క పెద్దదే అయినా పంపా మైదానాల మీదుగా పోయే చదును దారి. ఇబ్బంది అంతా మొదటి ముక్కలోనే.

చిలీ వైపున లాస్ ఆండెస్ ఊరు దాటాక రోడ్డు నిటారైన కొండవాలు మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టు హెయిర్‌పిన్ మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. స్థానికులు ఆ మలుపులను లాస్ కరకోలెస్ అంటారు. బరువు లారీలు వరుసగా, నడక కంటే కాస్త వేగంగా పోతుంటే బస్సులు వాటి వెనకే పాకాలి. పైన సుమారు 3,200 మీటర్ల ఎత్తున క్రిస్టో రెడెంటోర్ సొరంగం వస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ సొరంగం 1980లో తెరుచుకుంది. దాని మధ్యలోనే సరిహద్దు. సొరంగం రాకముందు వాహనాలు ఇంకా పైకెక్కి 3,800 మీటర్ల ఎత్తున్న కనుమ దాటేవి. రెండు దేశాల మధ్య సరిహద్దు తగాదా యుద్ధం లేకుండా తీరినందుకు గుర్తుగా 1904లో నిలిపిన క్రీస్తు విగ్రహం ఇప్పటికీ ఆ కనుమ దగ్గరే ఉంది.

సరిహద్దు తనిఖీకి పట్టే సమయం ఇంత అని ముందే చెప్పడం కష్టం. చిలీలోకి వచ్చేవాళ్ల సామాన్లలో పళ్లు, కూరగాయలు, మాంసం ఏమైనా ఉన్నాయేమో వ్యవసాయ శాఖ సిబ్బంది గట్టిగా వెతుకుతారు. సంచిలో మరిచిపోయిన ఒక్క యాపిల్ పండుకైనా జరిమానా పడొచ్చు. సెలవు రోజుల్లో వాహనాల వరుస కిలోమీటర్ల పొడవు సాగుతుంది. అందుకే శాంటియాగో–మెండోజా బస్సుకు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. బ్యూనస్ ఎయిర్స్ దాకా వెళ్లాలంటే ఇరవై గంటలు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మంచు పడితే కనుమనే మూసేస్తారు. ఒక్కోసారి వరుసగా కొన్ని రోజులు దారి తెరుచుకోదు.

ఒకప్పుడు ఇక్కడ రైలు కూడా ఉండేది. 1910లో మొదలైన ట్రాన్సాండైన్ రైల్వే మెండోజాను చిలీలోని లాస్ ఆండెస్‌తో కలిపింది. ఏటవాలు చోట్ల పట్టాల మధ్య పళ్ల పట్టీ వేసి రైలును ఎక్కించేవారు. ఈ లైను పట్టాలు ఇరుకు, రెండు చివర్ల ఉన్న ప్రధాన లైన్ల పట్టాలు వెడల్పు. కాబట్టి ప్రయాణికులు రెండు చోట్లా రైలు మారాల్సిందే. హిమపాతాలు, వరదలు, ఖర్చులు తట్టుకోలేక 1979లో ప్రయాణికుల రైళ్లు ఆగాయి, 1984లో లైనే మూతపడింది. ఆ తర్వాత తొందరగా చేరాలనుకునేవాళ్లకు విమానం తప్ప దారి లేకుండా పోయింది.

అసలు తేడా గాలిది

భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువాల దగ్గర చలి. ఈ తేడాకు భూమి తిరగడం తోడై, 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఇరుకైన పట్టీల్లా గాలి బలంగా పారుతుంది. దీన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150 నుంచి 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలే. రెండు అర్ధగోళాల్లోనూ దిశ పడమర నుంచి తూర్పుకే. దక్షిణార్ధగోళపు చలికాలంలో అది ఇంకా బలపడి, ఇంచుమించు శాంటియాగో, బ్యూనస్ ఎయిర్స్ ఉన్న అక్షాంశాల మీదుగా సాగుతుంది. విమానాలు ఎగిరేదీ ఆ ఎత్తులోనే.

దీని ప్రభావాన్ని చిన్న లెక్కతో చూడొచ్చు. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో గంటకు 830 కిలోమీటర్లు పోతుందనుకుందాం. ఎక్కే దూరం, దిగే దూరం తీసేస్తే పై ఎత్తున ఎగిరేది 900 కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేకపోతే ఆ 900కు 65 నిమిషాలు. గంటకు 150 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే నేలతో పోల్చిన వేగం 980 అవుతుంది, 55 నిమిషాల్లో అయిపోతుంది. అదే గాలి ఎదురొస్తే వేగం 680కి పడిపోతుంది, 79 నిమిషాలు కావాలి. తేడా 24 నిమిషాలు. టికెట్ల మీద జనవరిలో కనిపించే ఇరవై నిమిషాల తేడా ఇలాంటి లెక్కల నుంచే వస్తుంది. చలికాలంలో గాలి ముదిరిన రోజున తేడా ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్కలో ఇంకో విషయం ఉంది. పోయేటప్పుడు కలిసొచ్చిన పది నిమిషాలు వచ్చేటప్పుడు పోతాయిలే, లెక్క సరిపోతుంది అనిపిస్తుంది. సరిపోదు. గాలి లేకపోతే రానుపోను 130 నిమిషాలు, గాలి ఉంటే 134. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు గడుపుతుంది కాబట్టి, గాలి చేసే నష్టం ఎప్పుడూ లాభం కంటే ఎక్కువే. రోజూ ఎన్నోసార్లు ఈ దారిలో తిరిగే సంస్థలకు ఆ కొద్ది నిమిషాలే ఇంధనం ఖర్చుగా మారతాయి.

చాలామందికి ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానానికి గమ్యం తనంతట తానే ఎదురు రావాలి కదా అని. అలా జరగదు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడ్డ విమానమూ తిరుగుతోంది. ఆ వేగం ఎగిరాక కూడా విమానానికి ఉంటుంది. ప్రయాణ సమయాన్ని మార్చేది నేలతో పోలిస్తే గాలికి ఉన్న అదనపు వేగం ఒక్కటే.

గల్ఫ్‌కు వెళ్లొచ్చే తెలుగువాళ్లకు ఇది అనుభవమే. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు, ముఖ్యంగా మన చలికాలంలో, విమానం ముందుగా వచ్చేస్తుంది. దుబాయ్ గడియారం మన కంటే గంటన్నర వెనక ఉండడంతో టికెట్ చూసి ఆ తేడాను పట్టుకోవడం మాత్రం కష్టం. శాంటియాగో దారిలోనూ అదే జరుగుతుంది.

ఎదురుగాలి తెలియని రోజుల్లో

ఈ దారి చరిత్ర చూస్తే గాలి లెక్క తప్పితే ఏమవుతుందో అర్థమవుతుంది. 1918 డిసెంబరు 12న చిలీ సైన్యానికి చెందిన డగోబెర్తో గొదోయ్ ఒంటరిగా చిన్న బ్రిస్టల్ విమానంలో శాంటియాగో నుంచి బయల్దేరి, ఆండీస్‌లో అత్యంత ఎత్తైన భాగాన్ని దాటి, సుమారు గంటన్నరలో మెండోజా దగ్గర దిగాడు. 1929 నాటికి ఒక ఫ్రెంచి తపాలా సంస్థ విమానాలు బ్యూనస్ ఎయిర్స్ నుంచి శాంటియాగోకు ఉత్తరాలు మోయడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది జూన్‌లో ఆ సంస్థ పైలట్ ఆన్రీ గియోమే మంచు తుపానులో చిక్కి, లగూనా డెల్ డియామాంతె అనే కొండ సరస్సు దగ్గర దిగాల్సి వచ్చింది. ఐదు రోజులు మంచులో నడిచి ప్రాణాలతో బయటపడ్డాడు.

ఆ రోజుల్లో పైలట్లు గాలిని కంటికి కనిపించే కొండల్ని బట్టి, విమానం పక్కకు జరిగే తీరును బట్టి అంచనా వేసేవారు. మేఘం కమ్మితే ఆ ఆధారం పోతుంది. 1947 ఆగస్టు 2న బ్రిటిష్ సౌత్ అమెరికన్ ఎయిర్‌వేస్‌కు చెందిన స్టార్ డస్ట్ అనే విమానం 11 మందితో బ్యూనస్ ఎయిర్స్ నుంచి శాంటియాగోకు బయల్దేరింది. మరో నాలుగు నిమిషాల్లో చేరుతున్నామని సాయంత్రం 5.41కి రేడియోలో కబురు పంపింది. ఆ తర్వాత జాడ లేదు. యాభై ఏళ్ల తర్వాత, 1998లో, శాంటియాగోకు తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని టుపుంగాటో శిఖరం కింద హిమానీనదం నుంచి దాని ఇంజిను, ముక్కలు బయటపడ్డాయి.

విమానం ఎగిరిన ఎత్తు దాదాపు 7,300 మీటర్లు. ఆ ఎత్తులో జెట్ స్ట్రీమ్ ఎదురొచ్చి ఉంటుందన్నది నిపుణులు ఎక్కువగా ఒప్పుకున్న వివరణ. జెట్ స్ట్రీమ్ గురించి అప్పటికి పైలట్లకు పెద్దగా తెలియదు. గడియారం ప్రకారం కొండ దాటేశామనుకున్నారు. నేలతో పోల్చిన వేగం వాళ్లు అనుకున్నదానికంటే బాగా తక్కువ. కింద శాంటియాగో ఉందనుకుని మేఘాల్లోంచి దిగారు. కింద ఉన్నది కొండ.

పాతికేళ్ల తర్వాత, 1972 అక్టోబరు 13న, ఉరుగ్వే వైమానిక దళపు విమానం మెండోజా నుంచి శాంటియాగోకు వెళుతూ కూలిపోయింది. అంత ఎత్తు సురక్షితంగా ఎక్కలేని ఫెయిర్‌చైల్డ్ విమానం కావడంతో దక్షిణానికి పోయి, తక్కువ ఎత్తున్న ప్లాంచోన్ కనుమ మీదుగా పడమరకు దాటి, చిలీలోని కురికో మీద ఉత్తరానికి తిరగాలన్నది పథకం. అక్కడ కూడా ఎదురుగాలినీ, గడిచిన నిమిషాలనూ సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. కురికో రాకముందే, ఇంకా కొండల మధ్య ఉండగానే ఉత్తరానికి తిప్పారు. విమానంలో ఉన్నవాళ్లు 45 మంది. 72 రోజుల తర్వాత 16 మంది బతికి బయటపడ్డారు.

రెండు ప్రమాదాల్లోనూ లెక్క తప్పింది విమానం పడమరకు వెళుతున్నప్పుడే. రెండింటిలోనూ పైలట్లకు తమ ఎత్తు తెలుసు, దిశ తెలుసు. తెలియనిది ఎంత దూరం వచ్చామన్నదే. ఇవాళ ఉపగ్రహాల సాయంతో విమానం ఎక్కడుందో, నేలతో పోలిస్తే ఎంత వేగంతో పోతోందో పైలట్ ముందున్న తెరమీద క్షణక్షణం కనిపిస్తుంది. అప్పట్లో ప్రాణాలు తీసిన అదే ఎదురుగాలి ఇప్పుడు టైమ్‌టేబుల్‌లో ఓ ఇరవై నిమిషాలుగా మిగిలింది. ఈ మార్పు వెనక ఎంత మూల్యం ఉందో గుర్తుంచుకోవడం న్యాయం.

కొండ దాటే పదిహేను నిమిషాలు

శాంటియాగో విమానాశ్రయం ఎత్తు 474 మీటర్లు. రన్‌వేలు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, గమ్యం తూర్పున ఉంటుంది. సరిహద్దు శిఖరాలు వంద కిలోమీటర్ల లోపే. అంటే విమానం ఎగిరిన వెంటనే నేరుగా తూర్పుకు తిరగడానికి లేదు. ముందు లోయ వెంట కొంత ఎత్తు సంపాదించుకుని, ఆ తర్వాత మలుపు తిరిగి కొండ వైపు వెళుతుంది. గ్రేట్ సర్కిల్ లెక్కకు మరికొన్ని పదుల కిలోమీటర్లు ఇక్కడే చేరతాయి.

పగటిపూట, మబ్బు లేని రోజున ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే 6,961 మీటర్ల అకాంకాగువా కనిపిస్తుంది. రెండు అమెరికా ఖండాల్లోనూ అంతకు మించిన ఎత్తు లేదు. ఆ దృశ్యం కోసం లేచి నిలబడడం మాత్రం కుదరదు. కొండ దాటేంతవరకు సాధారణంగా సీటు బెల్టు లైటు వెలుగుతూనే ఉంటుంది, సిబ్బంది టీ కాఫీలు పంచడం ఆపి కూర్చుంటారు. దానికి కారణం ఉంది. ఆండీస్ ఉత్తర దక్షిణాలుగా నిలువుగోడలా ఉంది. పడమటి గాలి దానికి లంబంగా తగులుతుంది. కాలువలో మునిగి ఉన్న బండరాయి మీదుగా పారే నీళ్లు రాయి దాటాక ఎలా ఎగిరెగిరి పడతాయో, శిఖరాల మీదుగా వచ్చిన గాలి కూడా అర్జెంటీనా వైపున అలా పైకీ కిందికీ ఊగుతుంది. కుదుపులు ఎక్కువగా వచ్చేది ఆ వైపే.

ఆ గాలి ఒక్కోసారి నేలదాకా దిగుతుంది. వాలు వెంట జారుతూ వేడెక్కి, ఎండి, మెండోజా మీద విరుచుకుపడుతుంది. అక్కడివాళ్లు దాన్ని జోండా అంటారు. జోండా వీచే రోజున బడులకు సెలవు ఇస్తారు, చెట్లు కూలుతాయి, విమానాల రాకపోకలు దెబ్బతింటాయి.

కొండ మీద పైలట్లను ఆలోచింపజేసే ఇంకో విషయం ఆక్సిజన్. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే మామూలుగా వెంటనే 3,000 మీటర్ల ఎత్తుకు దిగిపోతారు, అక్కడ మాస్కు లేకుండా ఊపిరి పీల్చుకోవచ్చు. ఆండీస్ మీద ఉన్నప్పుడు ఆ ఎత్తుకు దిగలేరు, కింద కొండే అంతకు రెట్టింపు ఉంటుంది. పైనుంచి జారే మాస్కుల్లో చాలా విమానాల్లో ఆక్సిజన్ 12 నుంచి 15 నిమిషాలకే సరిపోతుంది. కాబట్టి దారిలో ఏ చోట సమస్య వస్తే వెనక్కి తిరగాలి, ఏ చోట వస్తే ముందుకే పోవాలి అన్నది బయల్దేరక ముందే నిర్ణయించి ఉంచుతారు. శాంటియాగో దగ్గర ఆండీస్ వెడల్పు తక్కువ కావడం ఇక్కడ కలిసొచ్చే అంశం. మెండోజా దాటాక ఇక బ్యూనస్ ఎయిర్స్ దాకా అంతా మైదానమే.

శాంటియాగో–మెండోజా మధ్య ఆకాశమార్గం దాదాపు 200 కిలోమీటర్లే. అయినా టైమ్‌టేబుల్‌లో 50 నిమిషాల పైనే ఉంటుంది. అందులో ఎక్కడం, దిగడం తప్ప తిన్నగా ఎగిరేది ఎంతోసేపు ఉండదు. దూరం చిన్నదయ్యేకొద్దీ కిలోమీటరుకు పట్టే సమయం పెరుగుతుందన్నది దీన్నిబట్టి తెలుస్తుంది.

గడియారం చేసే తికమక

ఇక మొదట చెప్పుకున్న జులై టికెట్ల సంగతి. అర్జెంటీనా ఏడాది పొడవునా గ్రీనిచ్ సమయానికి మూడు గంటలు వెనక ఉంటుంది. మన గడియారంతో పోలిస్తే ఎనిమిదిన్నర గంటలు వెనక. చిలీ అలా కాదు. సెప్టెంబరు మొదటి రోజుల నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా, అంటే అక్కడి వేసవిలో, గడియారాన్ని గంట ముందుకు జరిపి అర్జెంటీనాతో సమానంగా నడుపుతుంది. మిగతా నెలల్లో గంట వెనక్కి వస్తుంది. దక్షిణ కొసన ఉన్న మగయానెస్, ఐసెన్ ప్రాంతాలు మాత్రం ఈ మార్పులో కలవకుండా ఏడాదంతా ఒకే సమయం పాటిస్తాయి.

టికెట్ మీద బయల్దేరే వేళ, చేరే వేళ రెండూ ఆయా ఊళ్ల గడియారం ప్రకారమే వేస్తారు. జులైలో శాంటియాగోలో 10 గంటలయితే బ్యూనస్ ఎయిర్స్‌లో 11. రెండు గంటలు ఎగిరి దిగితే అక్కడ 1 గంట అవుతుంది. తిరుగు ప్రయాణంలో రెండు గంటల ఇరవై నిమిషాలు ఎగిరినా, దిగాక గడియారం గంట వెనక్కి జరుగుతుంది.

గమనించాల్సింది ఏమిటంటే, గాలి బాగా బలంగా ఉండే నెలలూ, గడియారాలు వేరుగా ఉండే నెలలూ దాదాపు ఒకటే. చలికాలంలో తూర్పుకు వెళ్లే విమానం ఏడాదిలోకెల్లా వేగంగా పోతుంది, కానీ టికెట్ మీద ఏడాదిలోకెల్లా ఎక్కువ సమయం చూపిస్తుంది. పడమరకు వచ్చేది ఎదురుగాలితో పోరాడి ఆలస్యంగా వస్తుంది, టికెట్ మీద మాత్రం చిటికెలో వచ్చినట్టుంటుంది. రెండు వేళల తేడా చూసి ప్రయాణ సమయం లెక్కేసేవాళ్లు ఏ దిక్కు విమానం ఎక్కువసేపు ఎగురుతుందన్న విషయంలోనే పొరబడతారు. టికెట్ మీద వేళల పక్కన చిన్న అక్షరాల్లో ఉండే మొత్తం వ్యవధి ఒక్కటే నమ్మదగిన అంకె.

ఆ వ్యవధి కూడా గాల్లో ఉన్న సమయం కాదు. విమానం ఇక్కడ గేటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా పట్టే కాలం. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, ఆలస్యాలకు ఉంచుకునే కొంత వెసులుబాటు అన్నీ అందులో కలిసే ఉంటాయి. అందుకే ఒక్కోసారి విమానం పావుగంట ముందే చేరిందన్న ప్రకటన వినిపిస్తుంది.

దిగేది ఏ ఎయిర్‌పోర్టులో

బ్యూనస్ ఎయిర్స్‌కు ముఖ్యమైన విమానాశ్రయాలు రెండు. ఎసేసా ఊరికి నైరుతి దిక్కున దూరంగా ఉంటుంది. ఖండాలు దాటే విమానాలు ఎక్కువగా అక్కడే దిగుతాయి. ట్రాఫిక్‌ను బట్టి నగరం నడిబొడ్డుకు చేరడానికి ముప్పావుగంట నుంచి గంటకు పైగా పడుతుంది. రెండోది ఏరోపార్కె, ప్లేట్ నది ఒడ్డునే, పలెర్మో ప్రాంతంలో. చిలీ లాంటి పొరుగు దేశాల విమానాలు అక్కడికీ వస్తాయి. శాంటియాగో నుంచి రెంటికీ గాల్లో దూరం తేడా పది కిలోమీటర్లు కూడా లేదు. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే మాత్రం, జెట్ స్ట్రీమ్ తెచ్చే తేడా కంటే ఏ ఎయిర్‌పోర్టు అన్నదే పెద్ద తేడా తెస్తుంది. ఎసేసాలో దిగి ఏరోపార్కెలో మరో విమానం ఎక్కాల్సినవాళ్లు నగరం ఈ కొస నుంచి ఆ కొసకు రోడ్డు మీద వెళ్లాలి. దానికి మూడు నాలుగు గంటలైనా చేతిలో ఉంచుకోకపోతే టెన్షన్ తప్పదు.

ఖండంలో మిగతా జతలు

దక్షిణ అమెరికాలో దూరానికీ సమయానికీ సంబంధం ఊరూరికీ మారుతుంది. పెరూలో లీమా నుంచి ఇకీటోస్‌కు గాల్లో సుమారు 1,010 కిలోమీటర్లు, రెండు గంటల లోపు ప్రయాణం. శాంటియాగో జతకు దాదాపు సమానం. కానీ అమెజాన్ అడవి మధ్యనున్న ఇకీటోస్‌కు బయటి ప్రపంచం నుంచి రోడ్డే లేదు. విమానం వద్దనుకుంటే కొండ దాటి నది రేవుకు చేరి, పడవలో రోజుల తరబడి పోవాలి.

కొలంబియాలో బొగోటా, మెదెయిన్ మధ్య తిన్నని దూరం 250 కిలోమీటర్లయినా ఉండదు. రోడ్డు మీద మాత్రం 400 దాటుతుంది, కొండలు ఎక్కి దిగే దారి కావడంతో ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. విమానంలో గంట. బ్రెజిల్‌లోని సావో పాలో నుంచి శాంటియాగోకు సుమారు 2,600 కిలోమీటర్లు. ఈ దారిలోనూ పడమరకు వచ్చేదే ఆలస్యం, దూరం రెట్టింపుకు పైనే కాబట్టి తేడా అరగంటకు చేరుతుంది. బొలీవియాలో లా పాజ్ నగరపు ఎల్ ఆల్టో విమానాశ్రయం 4,061 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన. రెక్కలకు, ఇంజిన్లకు బలం చాలక విమానం మామూలు కంటే ఎక్కువ దూరం పరుగెత్తి గాని పైకి లేవలేదు. అందుకే రన్‌వే నాలుగు కిలోమీటర్లు వేశారు, అయినా చాలాసార్లు బరువు తగ్గించుకుని బయల్దేరాలి.

ప్రయాణం పెట్టుకునేవాళ్లకు

భారత్ నుంచి దక్షిణ అమెరికాకు నాన్‌స్టాప్ విమానాలు లేవు. గల్ఫ్, యూరప్, ఆఫ్రికాల మీదుగా వెళ్లి, చాలామంది సావో పాలోలోనో బ్యూనస్ ఎయిర్స్‌లోనో దిగి మరో విమానం పట్టుకుంటారు. ఆ రెండో టికెట్ విడిగా కొన్నప్పుడు గడియారం మార్పు అసలు సమస్య అవుతుంది. ఏప్రిల్, సెప్టెంబరు మొదటి వారాల్లో చిలీ సమయం మారే రాత్రికి అటూఇటూ ఉన్న తేదీల్లో, నిన్నటి వేళలు చూసి ఇవాళ్టి కనెక్షన్ లెక్కేస్తే గంట తప్పుతుంది. పడమరకు వచ్చే విమానానికి ఎదురుగాలి వల్ల ఆలస్యమయ్యే అవకాశమూ చలికాలంలోనే ఎక్కువ. శాంటియాగోలో దిగి వేరే టికెట్ మీద ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే, జూన్ నుంచి ఆగస్టు మధ్య ఆ వ్యవధిని వేసవి కంటే కనీసం ఒక గంట ఎక్కువ ఉంచుకోవడం మంచిది. రోడ్డు దారి అనుకునేవాళ్లు అదే నెలల్లో బయల్దేరే రోజు ఉదయం కనుమ తెరిచి ఉందో లేదో చూసుకునే బస్సెక్కాలి.